బావమరిది లెక్కలో పరీక్షల కాలం లేదు

ప్రశ్న: మాది రేణిగుంట. వయసు 32. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఏడేళ్లుగా కంపెనీ రోల్స్ మీద పనిచేస్తున్నాను. చేతికి 24,000 వస్తుంది. నా భార్య తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో చేస్తుంది, 12,000 ఇస్తారు. నాన్నకు గోవిందరాజస్వామి గుడి దగ్గర బొమ్మల కొట్టు ఉంది, సగటున 15,000 మిగులుతుంది. పాపకు మూడేళ్లు. ఇంటి ఖర్చు 33,000. బ్యాంకులో మూడున్నర లక్షలున్నాయి. ఇంకో లక్ష తెలిసినవాళ్లకు రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాను. దామలచెరువులో మామిడి తోట ఉన్న మా బావమరిది, ఉద్యోగం మానేసి టాక్సీ పెట్టుకోమంటున్నాడు. 12 లక్షల బండికి 3 లక్షలు మేం కడితే మిగతాది లోను. నెలకు 22 రోజులు, రోజుకు 3,000 గ్యారంటీ అంటున్నాడు. షిఫ్టులతో, రోజూ రానూపోనూ మూడు గంటల బస్సుతో నాకూ విసుగొచ్చింది. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం మానకండి. కనీసం ఇప్పుడు, ఈ లెక్కతో మాత్రం మానకండి.

22 రోజులు, రోజుకు 3,000 అంటే నెలకు 66,000. ముందు ఆ 66,000 సంగతి చూద్దాం. అది బండికి వచ్చేది, మీకు వచ్చేది కాదు. ఘాట్ రోడ్డు ఎక్కి దిగే బండికి వంద వస్తే నలభై ఇంధనానికే పోతుందనుకోండి. అలా 26,400 పోయింది. 9 లక్షల లోను, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే ఈఎంఐ సుమారు 19,570. ఎల్లో ప్లేటు బండికి, అంటే టాక్సీకి, ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టైర్లు, సర్వీసు అన్నీ కలిపి నెలకు 9,000 పక్కన పెట్టాలి. చివరికి మిగిలేది 11,000. ఇది మంచి నెల సంగతి. ఐదేళ్ల తర్వాత బండి మీదవుతుంది, నిజమే. అప్పటికి అది కొండ రోడ్డు మీద ఐదేళ్లు అరిగిన బండి కూడా.

ఇక మంచి నెలలు ఎన్ని? మీరు తిరుపతి పక్కనే ఉన్నవాళ్లు, నేను చెప్పక్కర్లేదు. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, తమిళుల పెరటాసి నెల శనివారాల్లో తమిళనాడు నుంచి వచ్చే జనం, వైకుంఠ ఏకాదశి. అప్పుడు రోజుకు రెండు ట్రిప్పులూ దొరుకుతాయి. ఇంటర్, టెన్త్ పరీక్షలొచ్చే ఫిబ్రవరి, మార్చిలో రైల్వే స్టేషన్ ముందు ఒకసారి నిలబడి చూడండి. బ్యాగు పట్టుకుని బయటికొచ్చిన ఒక్క కుటుంబం చుట్టూ నలుగురు డ్రైవర్లు మూగుతారు. వాళ్లేమో ఆ నలుగురినీ దాటుకుని ఆర్టీసీ బస్సెక్కేస్తారు. అలాంటి నెలలో 14 రోజులే బండి తిరిగితే వచ్చేది 42,000. ఇంధనం, ఈఎంఐ, మిగతా ఖర్చులు తీసేస్తే మీరే జేబులోంచి మూడు వేల పైన వేసుకోవాలి. మీ బావమరిది లెక్కలో డీజిల్ లేదు సరే, ఈ పరీక్షల కాలం అసలే లేదు.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మాత్రం టాక్సీ లెక్క కాదు, మీ ఇంటి లెక్క. మీ ముగ్గురి సంపాదన 51,000. అందులో లాడ్జి జీతం, బొమ్మల కొట్టు కలిపి 27,000 కొండ నుంచి వచ్చేదే. జనం కొండకు వస్తేనే లాడ్జి నిండుతుంది, వస్తేనే బొమ్మ అమ్ముడవుతుంది. కొండతో సంబంధం లేకుండా ఒకటో తారీఖున పడేది మీ జీతం ఒక్కటే. టాక్సీ పెట్టిన రోజున అదీ కొండ కిందికే చేరుతుంది.

2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. మళ్లీ మామూలు భక్తులను అనుమతించింది జూన్ 11న. తెరిచాక కూడా మొదట రోజుకు 6,000 మందికే దర్శనం. లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా రోడ్డు ఎంత ఖాళీగా ఉందో నాకింకా కళ్ల ముందే ఉంది. ఆ వేసవిలో నా దగ్గరికి వచ్చిన ఒక డ్రైవరు భార్య మెడలోని గొలుసు తాకట్టు పెట్టి రెండు ఈఎంఐలు కట్టాడు. ఆయన తమ్ముడు లాడ్జిలో రూమ్ బాయ్, వాళ్లమ్మ అలిపిరి దగ్గర పూలమ్మేది. ముగ్గురి సంపాదనా ఒకే వారంలో ఆగిపోయింది. కరోనా మళ్లీ రాదంటారా? సరే, అది వదిలేద్దాం. 2021 నవంబరులో తిరుపతి మునిగింది, డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. అప్పుడూ ముందు ఆగింది టాక్సీ చక్రమే.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో డబ్బు వచ్చే దారులు లెక్కపెడితే వేళ్లు మిగిలిపోతాయి. కొండ, మామిడి, పాలు, ఫ్యాక్టరీలు. పాలు పది రోజులకో పదిహేను రోజులకో చేతికి డబ్బు చూపిస్తాయి గానీ దాణా ఖర్చు పోను మిగిలేది తక్కువ. మామిడి సంగతి మీ బావమరిదినే అడగండి. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇచ్చేలా చేయాల్సి వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు ఎంత పొడవు బారులు తీరాయో అందరం చూశాం. ఆయన తొందర ఎక్కడ పుట్టిందో నాకు అర్థమవుతోంది. తప్పు పట్టను. తోట మీద విసిగిన మనిషికి టాక్సీ అందంగానే కనిపిస్తుంది. కానీ ఆయన విసుగుకు మీ జీతం ఎందుకు పోవాలి?

ఈ నాలుగింటిలో పెరుగుతున్న దారి ఫ్యాక్టరీలది. చెన్నై, ఓడరేవులు దగ్గర కావడం వల్ల శ్రీసిటీకి ఫాక్స్‌కాన్, ఇసుజు, డైకిన్, బ్లూస్టార్ లాంటివి వచ్చాయి. 2025 మేలో ఎల్‌జీ 5,000 కోట్లతో భూమిపూజ చేసింది. ఇటు రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్, కరకంబాడిలో అమరరాజా ఉండనే ఉన్నాయి. కొత్త ప్లాంటు పెట్టేవాళ్లకు కాంట్రాక్టరు తెచ్చే కుర్రాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. లైన్ ఆగితే ఎందుకాగిందో చెప్పగల మనిషి దొరకడమే కష్టం. ఏడేళ్లు చేసిన మీరు ఆ మనిషి. విసుగొస్తే టాక్సీ వైపు కాదు, ఇంకో ఫ్యాక్టరీ వైపు చూడండి. మెయింటెనెన్స్‌కో క్వాలిటీకో మారే దారి వెతకండి. రేణిగుంటలోనే దొరికితే ఆ మూడు గంటల బస్సు కూడా తప్పుతుంది. జీతం వెయ్యి తగ్గినా సరే, నేనైతే తీసుకోమంటాను.

ఒక్కటి గుర్తుంచుకోండి. కంపెనీ మారినా యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) అదే ఉంచి పాత పీఎఫ్‌ను కొత్తదానికి బదిలీ చేయించుకోండి, డబ్బు తీసేయకండి. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. మీరు ఏడేళ్ల దగ్గరున్నారు. ఇప్పుడు మానేసి డబ్బు తీసుకుంటే ఆ పెన్షన్ పోయినట్టే. మీ బేసిక్, డీఏ కలిపి 15,000 అనుకుంటే మీ వాటా 1,800, కంపెనీ వాటా 1,800 నెలనెలా జమవుతున్నాయి. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. అంటే మీ జీతం 24,000 కాదు, 27,600. టాక్సీ మీకు ఇది ఇవ్వదు. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఇవ్వదు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో వేలూరు ఆసుపత్రికో వెళ్లాల్సి వస్తే దాని విలువ తెలుస్తుంది. గ్రాట్యుటీ, అంటే మానేటప్పుడు కంపెనీ సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం, మాత్రం ఎక్కడికీ పోదు. ఐదేళ్లు దాటాయి కాబట్టి ఎప్పుడు మానినా అదే బేసిక్ మీద 60,000 పైచిలుకు వస్తుంది.

అయినా స్టీరింగ్ మీద మనసు లాగుతుంటే వీక్లీ ఆఫ్ రోజున యాక్టింగ్ డ్రైవర్‌గా వెళ్లండి. బండి వేరేవాళ్లది, బత్తా (డ్రైవరుకిచ్చే రోజు కూలి) మీది. ఆరు నెలలు చేసి, ప్రతి ట్రిప్పూ, ఖాళీగా నిలబడ్డ ప్రతి గంటా నోట్‌బుక్కులో రాయండి. ఆ ఆరు నెలల్లో ఫిబ్రవరి, మార్చి ఉండేలా చూసుకోండి. తర్వాత బావమరిదితో మళ్లీ కూర్చోండి. లేదా, టాక్సీ మీద అంత నమ్మకం ఉంటే ఆయన పేరు మీదే సెకండ్ హ్యాండ్ బండి తీసుకుని ఆయనే నడపమనండి. ఆయన మామిడికి అది తోడవుతుంది, మీ జీతం మీకుంటుంది. ష్యూరిటీ సంతకం అడిగితే మాత్రం పెట్టకండి. కాసేపు మొహం మాడుతుంది, అంతే.

బ్యాంకులోని మూడున్నర లక్షల్లో 2 లక్షలు ఎఫ్‌డీగా వేసి మరిచిపోండి. అది ఆరు నెలల ఇంటి ఖర్చు. మిగతాదాంట్లోంచి మీ పేరు మీద 50 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు. పాపకు పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరిచి వీలైనంత వేస్తూ ఉండండి.

ఆఖరుగా వడ్డీకిచ్చిన ఆ లక్ష. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అంత వడ్డీ ఒప్పుకునే మనిషికి బ్యాంకు ఎందుకు అప్పివ్వలేదో ఆలోచించండి. మెల్లగా వెనక్కి తీసుకోండి. ప్రామిసరీ నోటు రాసి మూడేళ్లు దాటితే దాని మీద కోర్టుకెళ్లే హక్కు పోతుంది. ఈలోగా ఎంతో కొంత కట్టి ఉంటే నోటు వెనక తేదీతో చెల్లు రాయించి సంతకం తీసుకోండి, గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ నోటు బీరువాలోంచి తీసి తేదీ ఈ రాత్రే చూడండి.