సందేహాలు – సమాధానాలు: ఓడను కట్టే గుంజ, మోకును మళ్లించే గిలక

సందేహం: మా తమ్ముడు సరుకుల ఓడలో డెక్ పనికి చేరాడు. వాడు చెప్పిన సంగతులతో ఒక కథ రాస్తున్నాను. అందులో ‘ఓడ రేవులో లంగరు వేసింది, తాళ్లను గుంజల మీదుగా తెచ్చి గుంజలకే కట్టారు’ అని రాశాను. వాడు విని, లంగరు వేయలేదనీ, తాడుకు దారి చూపేదీ తాడును పట్టి ఉంచేదీ ఒకటి కాదనీ అన్నాడు. వాటిని వాళ్లు ఫెయిర్‌లీడ్, బొలార్డు అంటారట. వీటికి తెలుగు మాటలున్నాయా? సముద్రం చూడని మన వైపు వాళ్లకు అలాంటి మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? – ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

సమాధానం: అమ్మా, మీ తమ్ముడు పట్టిన రెండు తప్పులూ నిజంగా తప్పులే. మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అదే. ఆ మాటలు మన కొట్టంలోనూ, మన కపిల బావి దగ్గరా ఉన్నాయి.

చిన్నప్పుడు మా తాత కపిల తోలుతుంటే బావి గట్టున కూర్చుని చూసేవాణ్ణి. ఎద్దులు పల్లానికి నడిచేవి. వాటి కాడికి కట్టిన మోకు గిలక మీదుగా వంగి బావిలోకి దిగేది. లాగేది ఎద్దులు, బరువు నీళ్లది. గిలక లాగదు, కట్టి ఉంచదు. అడ్డంగా వచ్చిన మోకును కిందికి మళ్లిస్తుంది, అంతే. ఆ ‘అంతే’ లేకపోతే మోకు బావి అంచుకు ఒరుసుకుని నాలుగు రోజుల్లో పోగులు పోగులుగా తెగిపోతుంది. సాయంత్రం ఎద్దులను కొట్టానికి తోలుకొచ్చి పలుపును గుంజకు కట్టేవాడు. గుంజ పని వేరు: అది కదలకూడదు, పట్టు వదలకూడదు.

ఓడ డెక్ మీదా ఈ రెండు పనులే. బొలార్డులంటే డెక్‌కు వెల్డింగ్ చేసిన లావుపాటి ఉక్కు గుంజలు. ఎక్కువగా జంటగా ఉంటాయి. మోకును ఈ రెండింటి చుట్టూ 8 అంకె ఆకారంలో మార్చి మార్చి చుడతారు. ఒక్కో చుట్టుకూ ఒరిపిడి పెరుగుతూ పోతుంది కాబట్టి ముడి వేయకుండానే మోకు నిలబడుతుంది. మన గుంజ పైకి మూరెడే కనిపించినా దాని బలం నేలలో పాతిన భాగంలో ఉంటుంది. ఓడలో పాతడానికి నేల లేదు. అందుకని ఆ గుంజల కింద, డెక్ అడుగున, ఉక్కు దూలాలతో బలం కట్టిస్తారు.

ఫెయిర్‌లీడ్ ఓడ అంచున ఉంటుంది. మోకు ఓడ లోపలి నుంచి బయటికి వెళ్లే చోట, పదునైన అంచుకు తగలకుండా, నున్నగా వంగేలా చేస్తుంది. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం కూడా సాఫీగా నడిపించేదనే. కొన్నింటిలో తిరిగే రోలర్లుంటాయి. వాటిని ‘మోకు గిలక’ అంటే మన వైపు ఎవరికైనా వెంటనే బొమ్మ కడుతుంది. కొన్నింటిలో తిరిగేదేమీ ఉండదు, అంచులు గుండ్రంగా తీర్చిన కోలగుడ్డు ఆకారపు రంధ్రం మాత్రమే. పనామా చాక్ అనేది ఈ రకమే. 1914లో తెరిచిన పనామా కాలువ పేరు మీద వచ్చిన మాట అది. అక్కడ నీటి మట్టం పెంచి, తగ్గించి ఓడలను దాటించే లాకుల్లో మోకు ఒక్కోసారి పై నుంచి, ఒక్కోసారి కింది నుంచి లాగుతుంది. చుట్టూ మూసి ఉన్న రంధ్రమైతే ఎటు లాగినా మోకు జారి బయటికి రాదు. దీన్ని ‘మోకు కన్ను’ అనమంటాను. కొబ్బరికాయకు కన్ను అన్న భాషకు ఉక్కులో తీర్చిన రంధ్రానికి కన్ను అనడం కష్టమేమీ కాదు. క్లీట్ అని ఇంకొకటుంది. రెండు వైపులా కొమ్ములు చాచిన చిన్న కట్టుగొయ్య, తేలికపాటి తాళ్లకు. ‘కొమ్ముల కొయ్య’ చాలు.

ఇవి నా సూచనలు, నిఘంటువులో వెతికితే ఈ అర్థంలో దొరకవు. గుంజ, గిలక, మోకు, కట్టుగొయ్య మాత్రం పాత మాటలే. మీరు ‘తాళ్లు’ అని రాశారు, అది తప్పు కాదు గానీ ‘మోకులు’ ఇంకా మేలు. కదిరి తేరును లాగేవాటిని తాళ్లనం కదా, మోకులంటాం. ఓడను పట్టి ఉంచేదీ ఆ లావు సరుకే.

ఇక లంగరు. ఇది పారసీకం నుంచి వచ్చి మనలో బాగా కలిసిపోయింది. ఎంతగా అంటే, మాటకు మాట ముడిపడక అర్థం చిక్కనప్పుడు ‘లంగరు అందలేదు’ అంటాం. అయితే లంగరు వేయడమంటే కొక్కేల ఇనుమును నీటి అడుక్కి దించి ఓడను నిలపడం. రేవు బయట వంతు కోసం ఎదురుచూసే ఓడ చేసేది అది. వార్ఫుకు, అంటే రేవులో ఓడలు ఆగే గట్టుకు, ఆనుకుని మోకులతో నిలిచిన ఓడను ‘రేవుకు కట్టారు’ అనాలి. గోదావరి ఒడ్డున పడవ కట్టడమనే మాట ఉండనే ఉంది. పత్రికల్లో రెండింటికీ లంగరే వాడుతున్నారు. ఆ అలవాటు మానుకోవాలి.

ఒక హెచ్చరిక. మీ తమ్ముడు డెక్ మీద ఈ తెలుగు మాటలు వాడక్కర్లేదు, వాడకూడదు కూడా. అక్కడ నలుగురు నాలుగు దేశాల వాళ్లు. ఆజ్ఞ అందరికీ ఒకేలా వినపడాలనే 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ప్రామాణిక ఇంగ్లీషు వాక్యాలను ఆమోదించింది. బిగుసుకుని ఉన్న మోకు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, ఆ దెబ్బకు ప్రాణాలు పోతాయి. అలాంటి చోట బొలార్డును బొలార్డే అనాలి. కథలో పాత్రల నోట కూడా అదే పెట్టండి, కథ చెప్పే మీరు మాత్రం గుంజ అనండి.

కథలో పనికొస్తుందేమో చూడండి: 2007 జనవరి 1 తర్వాత కట్టిన ఓడల్లో ప్రతి గుంజకూ, ప్రతి గిలకకూ అది ఎంత లాగుడును తట్టుకుంటుందో టన్నుల్లో గుర్తు వేసి ఉంటుంది. రంగు వెలిసినా చెరగకుండా ఆ అంకెను వెల్డింగ్‌తో ఉబ్బెత్తుగా తీరుస్తారు. దాన్ని ‘భద్రతా కార్యభార పరిమితి’ అని రాయకండి. ‘తాళే బరువు’ అనండి. ‘ఈ గుంజ ఎంత తాళుతుంది?’ అని మన రైతు అడిగే మాటే అది.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘ఓడను రేవుకు చేర్చి, మోకులను గిలకల మీదుగా ఒడ్డుకు అందించి, ఓడ వైపు కొసలను డెక్ మీది జంట గుంజలకు చుట్టారు.’ ఒడ్డున అవతలి కొసలను తగిలించేదీ గుంజే, కాకపోతే అది రేవు గుంజ.