చలవ చేసేదంతా చల్లగా ఉండాలా?

సందేహం: వేసవి పానీయాల మీద వ్యాసం రాస్తూ ‘సబ్జా గింజలు కడుపుకు చలవ చేస్తాయి’ అన్నాను. పత్రికవారు ‘కడుపును చల్లబరుస్తాయి’ అని దిద్దారు. ‘చలవ’ తప్పు, ‘చలువ’ అనాలన్నారు. ‘నాకు వేడి చేసింది’ అనే వాక్యంలో కర్త లేదు కనుక అదీ దోషమేనన్నారు. నిజమేనా?

సమాధానం: మీ వాక్యాన్ని ముట్టుకోకుండా ఉండవలసింది.

చల్లబరచడమంటే వేడిగా ఉన్నదాని వేడి తగ్గించడం. కాచిన పాలను చల్లబరుస్తాం. చలవ అది కాదు. చేతికి తగిలే చల్లదనంతో దానికి పని లేదు. లోపలికి వెళ్లాక ఒంట్లో తెలిసే గుణం అది. కడుపులో మంటగా ఉందంటే మా అమ్మమ్మ రాత్రిపూట చెంచాడు మెంతులు నీళ్లలో వేసి ఉంచేది. తెల్లవారేసరికి గింజలు ఉబ్బి, వేళ్ల మధ్య జారిపోయేవి. ఆ నీళ్లను గోరువెచ్చగా చేసి చేతికిస్తూ ‘తాగు, చలవ చేస్తుంది’ అనేది. వెచ్చనిది చలవ ఎలా చేస్తుందని మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఐసు నీళ్లు చల్లన, అంతమాత్రాన చలవ కావు. ఇంత సూక్ష్మమైన తేడాను ఒక్క మాటలో చెప్పగల భాష మనది. దాన్ని చేజేతులా చెరిపేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

సబ్జా కూడా అంతే. పచ్చదనాన్ని చెప్పే పారసీ మాట నుంచి వచ్చిన పేరది. మన రుద్రజడ గింజలే. నీళ్లు తగలగానే చుట్టూ జిగురు పొర కడుతుంది. నీళ్లలో నానితే జిగురునివ్వడం మెంతులకూ ఇసబ్‌గోల్‌కూ ఉన్న గుణమే. ఆ జిగురు లోపల పూతలా పట్టి ఒరిపిడి తగ్గిస్తుంది, మంట నెమ్మదిస్తుంది. మనవాళ్లు ‘చలవ’ అన్నది ఈ నెమ్మదినే.

ఇక రూపం సంగతి. ‘చలువ’ పాత రూపం. అయితే ‘అడుగు’ నుంచి ‘అడగడం’, ‘పెరుగు’ నుంచి ‘పెరగడం’ వచ్చినట్టే, తరువాతి అకారం ప్రభావంతో నడిమి ఉకారం అకారమై ‘చలవ’ అయింది. చలువరాయి, చలువపందిరి అన్నప్పుడు పాత రూపమే ఎక్కువగా నిలిచింది. ‘మీ చలవ వల్ల ఉద్యోగం వచ్చింది’ అన్నప్పుడు కొత్తదే సహజం. ఒకరి దయను ఎండపూట దొరికిన నీడగా తలచినవాళ్ల మాట ఇది!

‘నాకు వేడి చేసింది’లో దోషం లేదు. జ్వరం వస్తుంది, దగ్గు వస్తుంది. జలుబు, పైత్యం, సుస్తీ మాత్రం ‘చేస్తాయి’. అనుభవించేవారికి ‘కు’ చేర్చి, చేసినదెవరో చెప్పకుండా వదిలేయడం తెలుగు నుడికారం. వేడికి కారణమేదో చెప్పదలిస్తే ‘మామిడిపండు వేడి చేసింది’ అంటాం, అప్పుడు కర్త ఉండనే ఉంది. ‘నాకు జలుబు చేసింది’ ఒప్పయితే ‘నాకు వేడి చేసింది’ కూడా ఒప్పే.

వారు పట్టుబడితే ‘చలువ చేస్తాయి’ అని వేయనివ్వండి. ‘చల్లబరుస్తాయి’కి మాత్రం ఒప్పుకోకండి.