మ్యాచ్ ఉన్న ఆదివారం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడికి,

వందనాలు. పాదిరి కావడానికి నువ్వు చదివే సెమినరీ చదువు, ఇల్లు, నీ జట్టు మీదున్న పిచ్చి, ఈ మూడింటినీ కలిపి సంఘ పత్రిక కోసం రాసిన వ్యాసం చదివాను. నీ రాత బాగానే నడుస్తోంది. తంటా అంతా మొదటి పేరాలో ఉంది. ‘విశ్వాస జీవితం కూడా ఒక మ్యాచ్ లాంటిదే’ అని ఎత్తుకున్నావు. అలా ఎత్తుకున్నాక మిగతాది ఎవరైనా ఊహించగలరు. కోచ్ దేవుడు, రిఫరీ మనస్సాక్షి, గ్యాలరీలో కూర్చున్నవాళ్లు మేఘంలాంటి సాక్షి సమూహం, చివరి విజిల్ క్రీస్తు రెండో రాకడ. సండే స్కూలు పిల్లలకు ఐదు నిమిషాలు చెప్పడానికైతే పనికొస్తుంది. పెద్దవాళ్లు చదివే వ్యాసాన్ని అది మోయలేదు.

పోలిక వెతకడం మాని, పోటీ ఎక్కడుందో చూడు. ఈ మూడూ ఒకదానిలా ఒకటి ఉన్నందుకు నీ జీవితంలో కలవలేదు. ఒకే గంట కోసం మూడూ కొట్లాడుకుంటున్నాయి కాబట్టి కలిశాయి. ఆదివారం పొద్దున, సెమినరీ ఫీల్డ్ వర్క్ కోసం వెళ్లే సంఘంలో ప్రసంగించాలి. మధ్యాహ్నం మ్యాచ్. సోమవారం గ్రీకు పరీక్ష. వారమంతా పుస్తకాల్లో తలదూర్చిన మనిషి ఆ ఒక్క పూటైనా తనతో మాట్లాడతాడని ఇంట్లో భార్య చూస్తోంది. రాయాల్సింది ఈ గొడవ.

దానికి ముందు రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్ పెట్టు. రోజుకు ఐదారు పంక్తులు చాలు. ఏ గంటకు ఎక్కడున్నావు, అదే గంటకు ఇంకెక్కడ ఉండాల్సింది, ఎవరికి ఏమని చెప్పి తప్పించుకున్నావు. మూడోదే ముఖ్యం. ‘లైబ్రరీలో ఉన్నాను’ అన్న మాట ఎన్నిసార్లు నిజమో అక్కడ తేలుతుంది. బైబిలు యాప్ తెరిచినట్టే ఫోను పట్టుకుని ప్రసంగం మధ్యలో స్కోరు చూసుంటే అదీ రాసుకో, ఏ వాక్యభాగం చదువుతున్నప్పుడో సహా. వ్యాసంలో ఆ ఒక్క వివరం చేసే పని మూడు పేరాల ఒప్పుకోలు చెయ్యలేదు.

మ్యాచ్ విషయంలో ఇంకో జాగ్రత్త. ఆట అయ్యాక రాసిన నోట్సును నమ్మకు. ఫలితం తెలిసిన మనసు అంతకుముందు అనుకున్నవాటన్నిటినీ దిద్దేస్తుంది. ఓడిపోతామని ముందే తెలుసని రాస్తావు, నిజానికి విరామం దాకా ఎగిరి గంతులేసి ఉంటావు. కాబట్టి ఆట సగంలో ఉండగానే రెండు పంక్తులు రాసిపెట్టుకో. తర్వాత ఎవరు ముందు కొట్టారు, ఎన్నో నిమిషం అన్నవి స్కోరు కార్డుతో సరిచూసుకో. వరస తారుమారు కావడం అభిమానులకు మామూలే. ఒక్క నిమిషం తప్పు రాసినా ఆట తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. ఆ తర్వాత నువ్వు ప్రార్థన గురించి రాసింది కూడా అనుమానంగానే చదువుతాడు.

ఇక అపొస్తలుడైన పౌలు. సెమినరీ విద్యార్థి ఆట గురించి రాస్తే ఆయన కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక, 9వ అధ్యాయం 24 నుంచి 27 దాకా రాకుండా ఉండదు, రానివ్వు. ముందు ఆ నేల తెలుసుకో. గ్రీసులోని కొరింథు దగ్గర్లోనే ఇస్త్మియాలో సముద్ర దేవుడు పొసైడాన్ పేరిట రెండేళ్లకోసారి పోటీలు జరిగేవి. గెలిచినవాడికి పెట్టే కిరీటం పైన్ చెట్టు ఆకులతోనో ఎండిన సెలెరీతోనో అల్లినది. వాడిపోయే కిరీటం అని పౌలు అంటే కొరింథువాళ్లకు వివరణ అక్కర్లేదు, వాళ్లు కళ్లారా చూసినదే. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం ప్రకారం ఆయన ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు. అదే అధ్యాయంలో కనిపించే గల్లియో అక్కడ రోమా అధిపతిగా ఉన్న కాలాన్ని డెల్ఫీలో దొరికిన శాసనం బట్టి క్రీ.శ. 51 ప్రాంతమని లెక్కగడతారు. పోటీలు ఆయన స్వయంగా చూశాడని మాత్రం రాయకు. చూసి ఉండొచ్చు, అంతే.

చాలామంది బోల్తాపడేది సందర్భం దగ్గర. ఆ నాలుగు వచనాలను ఊడబెరికి ‘కష్టపడితే గెలుస్తాం’ అని వాడేస్తారు. 8వ అధ్యాయం నుంచి 10 దాకా పౌలు మాట్లాడుతున్నది విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి, తనకున్న హక్కును ఇంకొకరి కోసం వదులుకోవడం గురించి. జీతం తీసుకునే హక్కు ఉన్నా తీసుకోలేదంటాడు. పరుగు పందెం ఆ వాదన చివర వస్తుంది. ఇది తెలిస్తే ఆ వాక్యభాగం నీ ఆదివారం మధ్యాహ్నంలోకి తిన్నగా నడిచొస్తుంది. మ్యాచ్ చూడటం పాపం కాదు, నీకు హక్కుంది. ఆ హక్కును ఎవరి కోసం, ఏ పూట వదులుకున్నావు, వదులుకున్నాక ముఖం ఎలా పెట్టుకున్నావు? ఇంతకంటే మంచి ప్రశ్న నీ వ్యాసానికి దొరకదు.

స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్‌ను కూడా తెచ్చావు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని 100 మీటర్లు వదిలేశాడని, 400 మీటర్లలో స్వర్ణం గెలిచాడని. సరే, కానీ ఆయన పారిస్‌లో దిగాక హఠాత్తుగా నిర్ణయం తీసుకున్నట్టు రాశావు. 100 మీటర్ల హీట్స్, అంటే తొలి దశ పరుగులు, ఆదివారమని నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ 400 కోసం సాధన చేశాడు, 47.6 సెకన్లలో ముగించాడు. నెలల సాధనను తీసేస్తే మనిషి పోయి పటం మిగులుతుంది. నీకు పనికొచ్చేది అసలు ఆ తర్వాతి కాలంలో ఉంది. మిషనరీగా చైనా వెళ్లి, యుద్ధకాలంలో వెయ్‌షెన్ నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు, ఆదివారం ఆటలో కుర్రాళ్లు కొట్టుకుంటున్నారని తానే రిఫరీగా నిలబడ్డాడని జీవితచరిత్రలు చెబుతాయి. 1945లో ఆ శిబిరంలోనే చనిపోయాడు. పారిస్‌లో ఆదివారాన్ని ఇవ్వనన్నవాడు శిబిరంలో ఇచ్చాడు. ఈ రెండు ఆదివారాలను పక్కపక్కన పెట్టి ఊరుకో, వ్యాఖ్యానం చెయ్యకు.

జోనాథన్ ఎడ్వర్డ్స్ పేరు వాడాలనుకుంటే ఎవరో స్పష్టంగా చెప్పు. నీ క్లాసులో అందరికీ ఆ పేరు వినగానే 1703లో పుట్టిన అమెరికా దైవశాస్త్రవేత్తే గుర్తొస్తాడు. నీకు కావలసినవాడు బ్రిటన్ ట్రిపుల్ జంప్ ఆటగాడు, పాదిరి కొడుకు. 1991లో ఆదివారమని ప్రపంచ పోటీలు మానుకున్నాడు, 1993లో మనసు మార్చుకున్నాడు, 1995లో 18.29 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆటనుంచి విరమించాక విశ్వాసం పోయిందని బహిరంగంగా చెప్పాడు. సంఘ పత్రికకు ఇలాంటి ఉదాహరణ ఇబ్బందే. అయినా లిడెల్ ఒక్కడినే చూపిస్తే పాఠకుడికి సగమే చెప్పినట్టు.

పదజాలం దగ్గర ఇద్దరు పాఠకుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకో. ఒకరు బైబిలు కంఠతా వచ్చి ఆఫ్‌సైడ్ అంటే తెలియని అమ్మమ్మ, ఇంకొకరు లేవీయకాండం పేరు కూడా వినని అభిమాని. ఇద్దరికీ నిర్వచనాలివ్వకు, పని చూపించు. ‘ఎక్సిజిసిస్ అనగా’ అని మొదలెడితే క్లాసు నోట్సు అవుతుంది. ‘ఆ వచనానికి ముందూ వెనకా చదివి, ఎవరు ఎవరికి ఎందుకు రాశారో తేల్చుకునేసరికి రాత్రి పదకొండైంది’ అంటే ఇద్దరికీ అర్థమవుతుంది.

ఇంటివాళ్ల గురించి రాయడం అన్నిటికంటే కష్టం. నీ చిత్తులో భార్య రెండుసార్లే కనిపించింది, ఒకసారి ఓర్పుగా టీ అందిస్తూ, ఇంకోసారి టీవీ కట్టేస్తూ. దేవతా కాదు, గయ్యాళీ కాదు, ఆమెకూ ఆ రోజు ఏదో పనుంది. ఏమిటది? తెలియకపోతే అడుగు, ఆ జవాబే ఒక పేరా అవుతుంది. ఆమె ఉన్న పేజీలు అచ్చుతీసి ఆమెకే ఇవ్వు, నోటితో సారాంశం చెప్పడం లెక్కలోకి రాదు. వద్దన్న వాక్యాన్ని మెత్తబరచకు, పూర్తిగా తీసెయ్యి. పిల్లల ముద్దుమాటలు వదిలెయ్యి. పరామర్శకు వెళ్లినప్పుడు సంఘస్తులు చెప్పుకున్నవి పేర్లు మార్చి కూడా వాడకు. చిన్న సంఘంలో ఉద్యోగం, జబ్బు ఈ రెండూ చెబితే మనిషెవరో తెలిసిపోతుంది.

నాన్నగారి పేరా మాత్రం పెంచు. జట్టునూ ఆయనే ఇచ్చారు, సంఘాన్నీ ఆయనే ఇచ్చారు. సంఘం విషయంలో నీకంటూ ఒక నిర్ణయం తీసుకున్న రోజుంది, బాప్తిస్మం తీసుకున్నావు. జట్టు విషయంలో అలాంటి రోజు లేదు. మరి ఓడిన రాత్రి ఏది ఎక్కువ బాధపెడుతోంది, ఎందుకు? దీనికి జవాబు తేలకపోయినా తేలనట్టే రాయి.

గెలవాలని ప్రార్థించావా? అయితే ఏ నిమిషంలో, ఏ మాటలతో అడిగావో అలాగే పెట్టు. అవతలి జట్టులోనూ మోకరించేవాళ్లున్నారన్న తర్కం పాఠకుడికీ తెలుసు. ఓటమిని సిలువతో పోల్చకు. అదే ఆదివారం సంఘంలో ఎవరింట్లోనో సమాధి కార్యక్రమం జరిగి ఉండొచ్చు, వాళ్లూ చదువుతారు. విలాపం కావాలంటే కీర్తనల్లో కావలసినంత ఉంది. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర ఓదార్పు అతికించలేదు. నువ్వు మాత్రం ‘అయినా మన నిజమైన విజయం పరలోకంలో’ అని అతికించావు. ఆ పేరా మొత్తం కొట్టెయ్యి.

కొలతలు కూడా చెప్పేస్తాను. వెయ్యి మాటల వ్యాసంలో ఆట వర్ణన రెండు వందలు దాటకూడదు, వాక్యభాగం ఒక్కటే ఉండాలి. రెండో చిత్తు పరీక్షలయ్యాకే రాయి, తొందరేం లేదు. పంపేటప్పుడు స్కోరు కార్డూ, నీ భార్య పెన్నుతో దిద్దిన పేజీలూ జతచెయ్యి.

ఇట్లు,
మీ అన్న