పన్నెండా, ఇరవై నాలుగా?

మీ రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టెలో, పువ్వుల్లా విచ్చుకునే రాతి పగడం ఉంది, గోనియోపోరా అని అమ్మారు, చూస్తే తేడాగా ఉంది, ఏమిటది అని అడిగారు. ఫోటోనేమో నీలం లైటు కింద తీశారు. నాకు కనబడింది మెరిసే ఆకుపచ్చ ముద్ద ఒక్కటే. నీలం లైటు కింద ప్రతి పగడమూ పెళ్లికూతురే!

నాకూ ఇలాగే అయింది. గోనియోపోరా పేరుతోనే పిడికిలంత ముక్క తెచ్చుకున్నాను. వారం రోజులు చూసినప్పుడల్లా ఏదో అనుమానం. ఒక మధ్యాహ్నం పాలిప్‌లు (పగడం మీద పువ్వుల్లా కనబడే చిన్న జీవులు) బాగా సాగి ఉన్నప్పుడు, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ పంపు ఆపేసి, తెల్ల లైటు వేసి, భూతద్దంతో అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాను. పాలిప్ చివర రేకుల్లా ఉండే టెంటకిల్స్ లెక్కపెట్టాలి. మొదటిసారి పదకొండు, రెండోసారి పదమూడు. ఒకటి పక్కదాని వెనక్కి వంగి దాక్కుంటోంది. ఊపిరి వదిలితే అద్దం మసకేస్తోంది. ఇంట్లోవాళ్లు "చేపలకు హాజరు వేస్తున్నావా?" అన్నారు. చివరికి ఫోన్‌తో ఫోటో తీసి, పెద్దది చేసి, ఒక్కో కొస మీద చుక్క పెడుతూ పోతే 12 తేలాయి. ఇంకో మూడు పాలిప్‌లు చూశాను, వాటికీ పన్నెండే. గోనియోపోరాకైతే 24 ఉంటాయి. నాది అల్వియోపోరా!

చూడ్డానికి కవలలే కానీ చుట్టరికం వేరు. ఒకప్పుడు రెంటినీ ఒకే కుటుంబంలో ఉంచారు. 2014లో జన్యువులు చూసి అల్వియోపోరాను అక్రోపోరాల కుటుంబంలోకి మార్చారు. కొమ్మల్లా పెరిగే అక్రోపోరా ఎక్కడ, ఈ పూలగుత్తి ఎక్కడ!

అమ్మేవాళ్ల పేర్లయితే అసలు నమ్మకండి. మామూలు ముక్కకు ఇంద్రధనుస్సనో నిప్పురవ్వనో ఒక పేరు తగిలిస్తే రేటు రెట్టింపు. ఆ పేరుతో జాతి తెలిసేదేమీ లేదు.

అస్థిపంజరం చూడనిదే చెప్పలేమనే పండితులు కూడా వస్తారు. అల్వియోపోరా వరకు ఎముక కూడా సాయపడేదే, తేలిగ్గా, స్పంజిలా అంతా చిల్లులే. మరి హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ అనే పగడాలను ఎండిన ఎముకలుగా పక్కపక్కన పెడితే? తేడా అంతా టెంటకిల్స్ కొసల్లోనే కదా! బతికున్నదాన్ని చంపి పేరు పెట్టుకుని ఏం చేసుకుంటాం?

పంపు ఆపి, తెల్ల లైటులో దగ్గరగా ఇంకో ఫోటో పెట్టండి. ఈలోపు మీరే లెక్కేస్తే మరీ మంచిది. ఇరవై మూడు వచ్చాయంటే ఒకటి దాక్కుందన్నమాట, మళ్లీ మొదలుపెట్టండి.