పింగ్ రూటర్ దాకా వస్తుంది, సర్వర్ మాత్రం పలకదు: తిరుగు దారి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఆఫీసులో రెండు సబ్‌నెట్‌లు (విడివిడి చిన్న నెట్‌వర్క్‌లు) ఉన్నాయి. 192.168.10.0/24లో సిస్టమ్‌లు, 192.168.20.0/24లో సర్వర్, ప్రింటర్. దేని ఇంటర్నెట్ లైన్ దానిదే, వాటి రూటర్లు 10.1, 20.254 (ముందుండే 192.168ని వదిలేసి చివరి భాగమే రాస్తున్నాను). మధ్యలో కొత్తగా పెట్టిన రూటర్‌కి ఒక కాలు 10.2, రెండో కాలు 20.1. మెయిన్ రూటర్ 10.1లో '20కి వెళ్లాలంటే 10.2 మీదుగా' అని స్టాటిక్ రూట్ (చేత్తో రాసిపెట్టిన దారి) ఇచ్చారు. మీ సిస్టమ్ నుంచి 20.1కి పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందో లేదో చూసే పరీక్ష) వస్తోంది, సర్వర్ 20.50కి రావడం లేదు. ఇంటర్నెట్ మాత్రం రెండు వైపులా బాగానే ఉంది.

ఇంటర్నెట్ బాగుండటమే ఇక్కడ అసలు క్లూ. నేను చూసుకునే ఒక ఆఫీసులో అచ్చం ఇలాగే ఉండేది. అందరూ వెళ్లే దారినే మళ్లీ మళ్లీ తనిఖీ చేస్తున్నారు. అది మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. మీ పింగ్ కూడా సర్వర్ దాకా చేరుతూనే ఉండొచ్చు. సర్వర్ జవాబు కూడా ఇస్తుంది. కానీ దాని డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు వెళ్లేవన్నీ అప్పగించే రూటర్) 20.254 కదా, 10.x తన సబ్‌నెట్ కాదు కాబట్టి జవాబును అటే పంపుతుంది. 10 అనే నెట్‌వర్క్ ఒకటుందని ఆ రూటర్‌కి తెలియదు, దాన్ని ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది. ప్రైవేట్ అడ్రస్ (ఇంటర్నెట్‌లో చెల్లని లోపలి అడ్రస్) కాబట్టి అక్కడితో దాని కథ ముగిసినట్టే. మరి 20.1 ఎలా పలుకుతోందంటారా? అది మధ్య రూటర్ సొంత అడ్రస్. దానికి రెండు వైపులా నేరుగా తెలుసు. అందుకే 20.1 పలికితే 'రూటింగ్ అయిపోయింది' అనుకోకండి.

నమ్మకం కుదరాలంటే సర్వర్‌లో వైర్‌షార్క్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే ప్రోగ్రామ్) తెరిచి, ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) ఫిల్టర్ పెట్టి, మీ సిస్టమ్ నుంచి పింగ్ కొట్టండి. రిక్వెస్ట్ వచ్చి, రిప్లై వెళ్తూ కనిపిస్తే ఆ రిప్లై మీద క్లిక్ చేసి డెస్టినేషన్ మ్యాక్ అడ్రస్ (ప్యాకెట్ తర్వాత చేరే నెట్‌వర్క్ కార్డు నంబరు) చూడండి. ఐపీ చూస్తే ఏమీ తెలియదు, అక్కడ మీ సిస్టమ్ ఐపీయే ఉంటుంది. ఆ మ్యాక్‌ను సర్వర్‌లోని ఏఆర్‌పీ టేబుల్‌తో (ఏ ఐపీకి ఏ మ్యాక్ అన్న జాబితాతో) పోల్చండి. అది 20.254దైతే మీ సమస్య దొరికినట్టే. రిక్వెస్ట్ వచ్చి రిప్లై అసలు బయల్దేరకపోతే అది రూటింగ్ గొడవ కాదు, సర్వర్ ఫైర్‌వాల్. విండోస్‌లో ప్రైవేట్ ప్రొఫైల్ కింద పింగ్‌కీ ఫైల్ షేరింగ్‌కీ ఉన్న రూల్స్ మామూలుగా 'లోకల్ సబ్‌నెట్' వరకే అనుమతిస్తాయి. ఆ రూల్ స్కోప్‌లో 192.168.10.0/24 కలపండి. దయచేసి ఫైర్‌వాల్ మొత్తం ఆపేయకండి. ఆపినవాళ్లు మళ్లీ ఆన్ చేయగా నేనైతే చూడలేదు. రిక్వెస్టే రాకపోతే అప్పుడు వెనక్కి వెళ్లి మధ్య రూటర్‌ని, సిస్టమ్‌లో సబ్‌నెట్ మాస్క్‌ని చూడండి. ఎవరైనా 255.255.0.0 కొట్టి ఉంటే 20.50 తన పక్కనే ఉందనుకుని గేట్‌వేని అడగనే అడగదు.

ఇక పరిష్కారం. సర్వర్‌లో '192.168.10.0కి 20.1 మీదుగా' అని పర్మనెంట్ రూట్ వేయండి. ప్రింటర్‌లో రూట్లు వేసే వీలు సాధారణంగా ఉండదు, దాని గేట్‌వేనే 20.1గా మార్చేయండి.

ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. పింగ్ వస్తుంది, షేర్డ్ ఫోల్డర్ మాత్రం తెరుచుకోక తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే మీ సిస్టమ్ పంపే ప్యాకెట్ 10.1కి వెళ్లి, అక్కడి నుంచి 10.2 మీదుగా సర్వర్‌కి చేరుతుంది. జవాబు మాత్రం మధ్య రూటర్ నుంచి నేరుగా మీ సిస్టమ్‌కి వచ్చేస్తుంది, 10.1ని తాకదు. టీసీపీ కనెక్షన్ సిన్, సిన్-యాక్, యాక్ అనే మూడు ప్యాకెట్లతో మొదలవుతుంది. మొదటి సిన్ 10.1 చూసింది, సిన్-యాక్ చూడలేదు, తర్వాత వచ్చే యాక్‌ను చూసి 'ఇదేదో తేడా ప్యాకెట్' అని దాని ఫైర్‌వాల్ పారేస్తుంది. పింగ్‌కి ఈ మూడు అడుగుల తంతు లేదు కాబట్టి నడిచిపోతుంది. అందుకే పరీక్ష పింగ్‌తో ఆపకుండా పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌తో 445 పోర్ట్ (ఫైల్ షేరింగ్ వాడేది) కూడా చూడండి. కానీ ఈ తేడా ఉన్నప్పుడు సర్వర్ సిన్-యాక్ నేరుగా వచ్చేస్తుంది కాబట్టి అది కూడా 'ట్రూ' అనొచ్చు. చివరకు ఒక పెద్ద ఫైల్ కాపీ చేస్తేనే అసలు రంగు బయటపడుతుంది.

దీనికి తేలికైన దారి డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు ఐపీ సెట్టింగులు పంచే సేవ) ఆప్షన్ 121. దానితో 20 నెట్‌వర్క్‌కి 10.2 మీదుగా వెళ్లమని ప్రతి సిస్టమ్‌కీ చెప్పేయొచ్చు. కొంతమంది మధ్య రూటర్‌లో నాట్ (పంపినవారి అడ్రస్ బదులు రూటర్ తన అడ్రస్ పెట్టడం) ఆన్ చేయమంటారు. చేస్తే సర్వర్ జవాబు వెంటనే మధ్య రూటర్‌కే తిరిగొస్తుంది, నిజమే, సర్వర్‌కి అందరూ 20.1 లాగే కనిపిస్తారు కాబట్టి సర్వర్ ఫైర్‌వాల్ కూడా అడ్డుపడదు. కానీ జవాబు 10.1ని తాకని సమస్య అలాగే ఉంటుంది. పైగా రేపు ఏ సిస్టమ్ నుంచి ఏ ఫైల్ డిలీట్ అయిందో సర్వర్ లాగ్‌లో వెతికితే ప్రతి లైన్‌లోనూ అదే 20.1 ఉంటుంది. ఒకటి రెండు రోజులకైతే సరే.

నన్నడిగితే మూడు రూటర్ల వ్యవహారమే వద్దు. రెండు ఇంటర్నెట్ లైన్లనూ డ్యూయల్ వ్యాన్ (రెండు ఇంటర్నెట్ లైన్లు పెట్టే వీలు) ఉన్న ఒకే రూటర్‌కి తెచ్చి, రెండు సబ్‌నెట్‌లనూ దాని కిందే పెట్టండి. అప్పుడు రాకపోకలు రెండూ ఒకే పెట్టెలోంచి జరుగుతాయి, స్టాటిక్ రూట్ల అవసరమే ఉండదు.

ఈలోగా సర్వర్‌లో రూట్ వేసేటప్పుడు కమాండ్‌లో మైనస్ పి మరచిపోకండి. అది లేకపోతే రీస్టార్ట్ కాగానే రూట్ పోతుంది.