బోస్కో గురిన్‌లో మేకపాల చీజ్: శాకాహారులైన పెద్దవాళ్ళు వెళ్ళి రుచి చూడవచ్చా?

జూన్‌లో జ్యూరిక్‌లోని మీ అబ్బాయి దగ్గరకు వస్తున్నామనీ, శాకాహారులమనీ, ఏదైనా పాతకాలపు వాల్సర్ కొండ ఊరు చూసి అక్కడి మేకపాల చీజ్ రుచి చూడాలని ఉందనీ, అది మన నాలుకకు సరిపడుతుందా అనీ అడిగారు. తప్పకుండా వెళ్ళండి. చీజ్ కూడా నచ్చుతుందనే నా నమ్మకం. అయితే శాకాహారులు కొనేముందు అడిగి తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది, దానిని కింద వివరంగా రాశాను. నేను జ్యూరిక్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మను తీసుకుని వెళ్ళిన ఊరు స్విట్జర్లాండ్‌లోని తిచీనో కాంటన్ (అంటే రాష్ట్రం)లో ఉన్న బోస్కో గురిన్ కనుక ఆ ఊరి అనుభవమే చెబుతాను.

వాల్సర్లు జర్మన్ మాండలికం మాట్లాడే కొండ రైతులు. రోన్ నది పుట్టే గోమ్స్ ప్రాంతం నుంచి 12, 13 శతాబ్దాలలో బయలుదేరి, ఆల్ప్స్ పర్వతాలలో ఏడాది పొడవునా కాపురం ఉండడానికి ఇతరులు సాహసించని ఎత్తైన లోయలలో ఊళ్ళు కట్టుకున్నారు. బీడు భూములను సాగులోకి తెస్తారన్న ఆశతో అక్కడి ప్రభువులు వారికి భూమిని వంశపారంపర్యపు కౌలుకిచ్చి, ఆ రోజుల్లో మామూలు రైతుకు దొరకని స్వేచ్ఛనూ ఇచ్చారు. అలా వెలసిన ఊళ్ళు ఈనాడు స్విట్జర్లాండ్, ఇటలీ, లీక్టెన్‌స్టైన్, ఆస్ట్రియా దేశాలలో చెదురుమదురుగా ఉన్నాయి. బోస్కో గురిన్ వాసుల పూర్వీకులు ఇప్పుడు ఇటలీలో ఉన్న ఫొర్మాజ్జా లోయ నుంచి కనుమ దాటి దిగివచ్చారు. ఊరి చర్చిని 1253లో ప్రతిష్ఠించారు. చుట్టూ ఇటాలియన్ మాట్లాడే తిచీనోలో సంప్రదాయంగా జర్మన్ మాట్లాడే ఊరు ఇదొక్కటే. 1,500 మీటర్లకు పైబడి ఉన్న ఈ ఊరే ఆ కాంటన్‌లో అన్నిటికన్నా ఎత్తైనది కూడా. ఇప్పుడు అక్కడ నిలకడగా ఉండేవారు యాభై మందికి అటూ ఇటూ మాత్రమే కనుక, ఊరంతా నడిచినా మీకు ఎదురయ్యే మనుషులు చాలా తక్కువ.

ఇళ్ళకు కింది భాగం రాతి గోడ, పైభాగం కాలక్రమంలో నల్లబడిన దుంగలు. ధాన్యం దాచుకునే గాదెలను మాత్రం పొట్టి కాళ్ళ మీద నిలబెట్టి, ఒక్కొక్క కాలి మీద గుండ్రటి రాతి పలక ఒకటి పెట్టి, దానిపైన కట్టారు. కాలు పట్టుకుని ఎక్కిన ఎలుక ఆ పలక అంచు దాటి పైకి పోలేదు. ఊరి మ్యూజియం ‘వాల్సర్‌హౌస్’ 1938 నుంచి ఉంది, అది ఉన్న ఇల్లు 1386 నాటిదని చెబుతారు. పాలు కాచే రాగి పాత్రలు, వెన్న చిలికే పీపాలు, వీపున గడ్డి మోసే బుట్టలు అక్కడ ఉంటాయి కనుక చీజ్ కొనడానికి ముందే మ్యూజియం చూడడం మంచిది. 1695లోనూ 1749లోనూ మంచు చరియలు ఈ ఊరి మీద పడి చాలామందిని పొట్టన పెట్టుకున్నాయి. ఊరి పైనున్న వాలు మీద ఇప్పుడు కనిపించే అడ్డుకట్టలు ఎందుకున్నాయో ఆ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది.

ఇంత ఎత్తున వరి, గోధుమ వంటివి ఊహించలేము. పండేది రై ధాన్యం, బంగాళాదుంప, అన్నిటికన్నా ఎక్కువగా గడ్డి. ఆవు అడుగు పెట్టలేని రాతి వాలు మీద కూడా మేక మేస్తుంది, తక్కువ మేతతో బతుకుతుంది, మంచులో చిక్కిన కుటుంబానికి చేతికందే పాలిస్తుంది. వేసవి మూడు నాలుగు నెలల పచ్చికను మిగిలిన ఏడాదికి తిండిగా దాచుకోవాలంటే ఆ మనుషులకున్న దారి ఒకటే, మేత పాలుగా మారాలి, పాలు చీజ్‌గా మారాలి. మీరు అక్కడ కొరికే ముక్కలో ఉన్నది ఈ శ్రమే. నిటారైన వాలు మీద పొడవాటి పిడి ఉన్న కొడవలితో గడ్డి కోస్తున్న మనిషిని చూసిన తరువాత ఆ చీజ్ ధర ఎక్కువని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

మేము చీజ్ కొన్నది మేకలు పెంచే ఒక ఇంట్లో. మా అమ్మ చిన్నతనమంతా గేదెల కొట్టం దగ్గర గడిచింది కనుక ఆమె చీజ్ కన్నా ముందు మేకల గురించి అడగడం మొదలుపెట్టింది: ఈనిన తరువాత ఎన్నాళ్ళు పాలిస్తాయి, పిల్లలకు ఎంత వదులుతారు, చూడి కట్టాక ఎప్పుడు వట్టిపోతాయి. నేను జర్మన్‌లోకి మార్చి చెబుతుంటే ఆ ఇల్లాలు పని ఆపి, ఓపికగా ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు చెప్పింది. మేకలు చలికాలం చివర ఈనుతాయనీ, వసంతం నుంచి శరదృతువు వరకు పాలిస్తాయనీ, ఆ తరువాత కొన్ని నెలలు తాజా చీజ్ ఉండనే ఉండదనీ ఆమె మాటల వల్లనే తెలిసింది. మీ జూన్ ప్రయాణం ఆ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. పాడి గురించి మాట్లాడుకుంటున్న ఆ ఇద్దరినీ చూస్తుంటే, నా అనువాదం సగం అనవసరమేమోననిపించింది.

తాజా చీజ్‌కు పాలలో తోడు వేసి, పాలను గడ్డకట్టించే రెన్నెట్ అనే పదార్థం కొన్ని చుక్కలు మాత్రమే కలిపి, ఇంచుమించు ఒక రోజు కదపకుండా ఉంచుతారు. పాలు మెల్లగా పులిసి గడ్డకట్టాక బట్టలోకి వంచి నీరు కారనిస్తారు, తరువాత ఉప్పు అద్ది చిన్న ఉండలుగానో బిళ్ళలుగానో చేస్తారు. తిచీనోలో ఇలాంటి చిన్న తాజా చీజ్‌ను ‘బుషోన్’ అంటారు, ఆవుపాలతో చేసినదీ ఉంటుంది కనుక మేకపాలదే కావాలని చెప్పండి. మూట కట్టి నీరంతా దించిన గట్టి పెరుగు మీకు ఇష్టమైతే ఇది తప్పక నచ్చుతుంది. పులుపు తేలికగా ఉంటుంది, నోట్లో వెన్నలా జిడ్డు మిగలదు, మింగాక మాత్రం గొంతులో సన్నని మేక వాసన ఒక క్షణం తెలుస్తుంది. ఆలివ్ నూనె చుక్కలు, మిరియాల పొడి వేసి రై రొట్టెతో ఇస్తారు. మా అమ్మ తనతో తెచ్చుకున్న నిమ్మకాయ ఊరగాయ రవ్వంత అద్దుకుని తిన్నది, ఆ జోడింపు నిజంగా బాగుంది.

నెలల తరబడి మాగిన గట్టి చీజ్ సంగతి వేరు. సుమారు పది లీటర్ల పాలకు ఒక కిలో తయారవుతుంది. పాలలోని కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అనే కొవ్వు ఆమ్లాలు మాగేకొద్దీ విడివడతాయి కనుక వాసన ఘాటెక్కుతుంది, అలవాటు లేనివారికి మొదటి ముక్క కష్టంగానే ఉంటుంది. అందువల్ల తాజాది ముందు తినండి, మాగినది తరువాత, అదీ ఉడికించిన బంగాళాదుంపతో తినండి. ఆవుపాల చీజ్ పసుపుగా ఉంటే ఇది తెల్లగా ఉండడం చూసి అనుమానపడవద్దు. మేక శరీరం మేతలోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ‘ఎ’గా మార్చివేస్తుంది కనుక పాలకు ఆ పసుపు రాదు. అంగళ్ళలో ‘ఫొర్మాజ్జో దాల్పె తిచినేజే’ అనే పేరు కూడా కనిపిస్తుంది. అది ప్రధానంగా ఆవుపాలదే, మేకపాలు 30 శాతం వరకు కలపవచ్చు.

ఇక ముందే చెబుతానన్న సంగతి. సంప్రదాయ పద్ధతిలో పాలను గడ్డకట్టించే రెన్నెట్‌ను దూడ లేదా మేకపిల్ల కడుపు నుంచి తీస్తారు. మన శాకాహార నియమం ప్రకారం ఇది చాలామందికి అభ్యంతరకరం. సూక్ష్మజీవుల నుంచి చేసిన రెన్నెట్ వాడేవారూ ఉన్నారు కనుక కొనేముందు ఏది వాడారని నేరుగా అడగండి, వారు దాచరు, నొచ్చుకోరు. మేము అడిగిన చోట దాపరికం లేకుండా జంతువులదేనని చెప్పారు, విన్నాక కూడా రుచి చూడాలని మా అమ్మ తనకు తానే నిర్ణయించుకుంది. మీ నిర్ణయం మీది. పచ్చిపాలతో చేసినదైతే గర్భిణులు తినకూడదు. ఆవుపాల ఎలర్జీ ఉన్నవారికి మేకపాలు కూడా చాలావరకు పడవు. లాక్టోజ్ (పాలలోని చక్కెర) మాత్రమే పడనివారికి తాజాదానికన్నా బాగా మాగినది నయం, అందులో లాక్టోజ్ దాదాపు మిగలదు.

ప్రయాణం సులువే. జ్యూరిక్ నుంచి లొకార్నోకు గొట్హార్డ్ సొరంగం మీదుగా రైలులో రెండు గంటలకు పైచిలుకు. అక్కడి నుంచి మాజ్జా లోయలో చెవియో వరకు ఒక బస్సు, చెవియో నుంచి మలుపుల దారిలో ఊరికి పసుపు రంగు పోస్ట్ బస్సు. మలుపులు చాలా ఉంటాయి, కడుపు తిప్పే స్వభావం ఉన్నవారు ముందు సీట్లో కూర్చోవాలి. 2024 జూన్ చివర కురిసిన కుండపోతకు ఆ లోయలోని విస్లెట్టో వంతెన కూలిపోయింది కనుక, బయలుదేరే రోజున దారి సమాచారం చూసుకోవడం ఇక్కడ అలవాటు చేసుకోవలసిన పని. పైకి వెళ్ళే బస్సులు తక్కువ. పగటిపూట వచ్చి ఫొటోలు తీసుకుని పోయేవారికి పాలు పితికే వేళలు రెండూ తప్పిపోతాయి, అందుచేత ఒక రాత్రి ఉండమని నా సలహా. బస ముందుగా మాట్లాడుకోండి, శాకాహారులమని అప్పుడే చెప్పండి, మీరు వచ్చే వారానికి మేకలు ఊళ్ళోనే ఉంటాయో, పై పచ్చిక బయళ్ళకు వెళ్ళిపోయి ఉంటాయో కూడా ఆ ఫోనులోనే అడగండి.