వడగండ్లలో ‘వడ’ ఎక్కడిది?

ప్రశ్న: మార్చి నెల వాతావరణ వార్తల్లో ‘‘ఉత్తర తెలంగాణ జిల్లాల్లో రాగల రెండు రోజులు ఎండల తీవ్రత కొనసాగుతుంది. ఆ తరువాత ద్రోణి ప్రభావంతో ఈదురుగాలులతో కూడిన తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు, ఒకటి రెండు చోట్ల వడగండ్లు పడే అవకాశం ఉంది’’ లాంటి మాటలు వింటుంటాం. అది విని మా మనుమడు ‘‘వడగాలి అంటే వేడిగాలి కదా నానమ్మా, మరి వడగండ్లు చల్లగా ఎందుకుంటాయి?’’ అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. పైగా వాడు నోటుబుక్కులో ‘ఒక వడగండు’ అని రాసుకొచ్చాడు. పేపర్లలో ఒకటి వడగండ్లు అంటుంది, ఇంకొకటి వడగళ్లు అంటుంది. ఏది సరి? అసలు పంట పోగొట్టే రాళ్లకు ‘అవకాశం’ ఏమిటి?
— ఒక పాఠకురాలు, పరకాల

సమాధానం: అమ్మా, మీ మనుమడిది గట్టి ప్రశ్నే. ముందు ఏకవచనం సంగతి తేల్చుకుంటే మిగతాది దారికొస్తుంది.

‘వడగండు’ అనే మాట లేదు. ఉన్నది వడగల్లు. ఇందులో ‘గల్లు’ అంటే కల్లు, అంటే రాయి. ముందు మరో మాట చేరేసరికి ‘క’ కాస్తా ‘గ’ అయింది. ఈ కల్లు మనకు పరాయిది కాదు, మన ఊరి పేరులోనే ఉంది. ఓరుగల్లు అంటే ఒంటిరాయి. సంస్కృతం మీద మోజున్నవాళ్లు ఏకశిలానగరం అని రాసుకున్నదీ దీన్నే. కోటలో ఆ రాతిగుట్ట ఇప్పటికీ ఉంది, ఎక్కి చూడవచ్చు. పెండ్లిలో పెండ్లికూతురు తొక్కే సన్నెకల్లు, పోరులో చచ్చిన వీరుడికి ఊరి బయట నిలిపిన వీరగల్లు ఈ కుటుంబంలోవే. కన్నడంవాళ్లు వడగల్లును ఆలికల్లు అంటారు. అక్కడా కల్లే.

ఒక్క జాగ్రత్త. ఎండలు ముదిరే రోజుల్లో మన దిక్కు కల్లు అనగానే మనసు తాటివనం వైపు పోతుంది. ఆ కల్లు వేరు. తమిళంలో రాయి ‘కల్’, తాగేది ‘కళ్’. కన్నడంలో రాయి ‘కల్లు’, తాగేది ‘కళ్ళు’. తెలుగులో ళకారం లకారంలో కలిసిపోయి రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. మిర్చి ఆరబోసే కల్లం కూడా ఆ ‘ళ’ బాపతే, తమిళంలో దాన్ని కళం అంటారు. రాయితో దానికి చుట్టరికం లేదు.

ఇక బహువచనం. చివర ‘ల్లు’ ఉన్న పాత తెలుగు మాటలు కొన్ని బహువచనంలో ‘ండ్లు’గా మారతాయి. ఇల్లు–ఇండ్లు, ముల్లు–ముండ్లు, విల్లు–విండ్లు. ఆ వరుసలోనే వడగల్లు–వడగండ్లు. తరువాత కొన్ని ప్రాంతాల్లో ఈ ‘ండ్లు’ మెత్తబడి ‘ళ్లు’ అయింది: ఇళ్లు, బళ్లు, కళ్లు, ఏళ్లు. అలా వడగళ్లు వచ్చింది. తెలంగాణ నోరు పాత రూపాన్ని వదలలేదు. మనం ఇప్పటికీ ఇండ్లు కడతాం, బండ్లు తోలుతాం, ఏండ్లు లెక్కపెడతాం. కాబట్టి వడగండ్లు, వడగళ్లు రెండూ సరైనవే. వయసులో మనది పెద్దది. 2023 మార్చిలో రాళ్లవాన ఉత్తర తెలంగాణ పంటల్ని చెరిచి, అప్పటి ముఖ్యమంత్రి పొలాలు చూసి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించినప్పుడు, పత్రికల్లో రెండు రూపాలూ కనిపించాయి. ఒకే పేజీలో, ఒకే వార్తలో రెండూ వాడితే మాత్రం దిద్దేవాళ్లు నిద్రపోయారని అర్థం.

మీ మనుమడు చేసిందేమిటంటే, పండ్లు–పండు, గుండ్లు–గుండు అని లెక్కగట్టి వడగండ్లు–వడగండు అనుకున్నాడు. లెక్కలో తప్పు లేదు, ఎంచుకున్న వరుస తప్పింది. పంతులుగారు ఎర్రగీత పెట్టినా సగం మార్కు ఇవ్వాలనే నా సిఫారసు.

అసలు చిక్కు ‘వడ’తో. వడ అంటే ఎండ వేడిమి. వడగాలి, వడదెబ్బ, ఎండకు ముడుచుకుపోయి రాలే వడపిందె, అన్నింటిలో ఉన్నది ఆ వేడే. మరి చేతిలో పట్టుకుంటే వేళ్లు కొంకర్లుపోయే మంచుగడ్డకు వేడి పేరెందుకు? కొందరు ‘వడి’గా పడే కల్లు గనక వడగల్లు అని చెబుతుంటారు. నాకది రుచించదు. వడికల్లు అనే రూపం ఎక్కడన్నా ఉంటే ఆ మాట ఒప్పుకోవచ్చు. నా మట్టుకు ఇది వడకాలపు రాయి, ఎండాకాలంలో పడే రాయి. ఇది నిఘంటువు తీర్పు అనుకోవద్దు, నా ఊహ. కానీ ఆ ఊహకు ఆకాశంలో సాక్ష్యం ఉంది.

మన దిక్కు రాళ్లు ఎప్పుడు పడతాయో చూడండి. గడ్డకట్టే చలి ఉన్న పుష్యమాసంలో కన్నా ఫాల్గుణ చైత్రాల్లో, నెత్తి మాడే ఎండ కాసిన సాయంత్రమే ఎక్కువ. నేల కాగి, దానిమీది గాలి తేలికపడి పైకి లేస్తుంది. అదే సమయానికి బంగాళాఖాతం మీదినుంచి తేమగాలి వచ్చి చేరితే, మొగులు నిట్టనిలువుగా పెరుగుతుంది. అయిదు కిలోమీటర్ల ఎత్తు దాటితే అక్కడ గడ్డకట్టే చలి. పైకి తోసుకుపోయిన నీటిబొట్టు అక్కడ మంచుబిడ్డవుతుంది. కిందినుంచి తన్నే గాలి దాన్ని పడనివ్వదు. చుట్టూ ఉన్న నీటిని ఒంటికి పూసుకుంటూ, పొరమీద పొరగా లావెక్కుతుంది. గాలి ఇక మోయలేనంత బరువయ్యాక నేలకు దిగుతుంది. అంటే కింద వడ ఎంత గట్టిదైతే పైన కల్లు అంత పెద్దదయ్యే వీలుంది. వేడి లేనిదే ఆ మంచు లేదు.

చిన్నప్పుడు గూనపెంకల ఇంట్లో ఉండేవాళ్లం. రాళ్లవాన పెంకలమీద పడుతుంటే ఎవరో కుంచాలతో శనగలు గుమ్మరిస్తున్నట్టుండేది. పెద్దవాళ్లు తిడుతున్నా చెంబు పట్టుకొని వాకిట్లోకి ఉరికి ఏరుకొచ్చేవాళ్లం. ఒకసారి ఒక రాయి ఇంటి గడప మీద పడి సగానికి పగిలింది. లోపల ఉల్లిగడ్డ కోసినట్టే పొరలు: ఒకటి తెల్లగా, ఒకటి అద్దంలా, మళ్లీ ఒకటి తెల్లగా. నోట్లో వేసుకుంటే మట్టివాసన. అన్నట్టు, మా ఇంట్లో ఎవరూ వడగండ్లు అనేవారు కాదు. ‘రాళ్లవాన’ అనేవారు. వడగండ్లు నాకు బడిలో పరిచయమైన మాట.

ఇదే తలకిందుల సంగతి ఈదురుగాలిలోనూ ఉంది. ఈదర అంటే చలిగాలి. వాతావరణ శాఖ ఆ మాటను ఉరుముల వానకు ముందు గంటకు 30–40, 40–50 కిలోమీటర్ల వేగంతో కొట్టే గాలికి వాడుతోంది. నడి ఎండాకాలంలో చలిగాలి ఏమిటని కొట్టిపారేయకండి. పొద్దంతా ఉడుకపోసి, మొగులు నల్లబడి, వాన ఇంకా ఆమడ దూరంలో ఉండగానే చల్లటి గాలి ఒక్క ఊపున వచ్చి తడకల్ని ఎగరగొడుతుంది కదా, అది మేఘంలోనుంచి వానతోపాటు కిందికి దిగిన చల్లగాలే. మన నోట దాని పేరు గాలిదుమారం. మామిడి పిందెలు రాల్చేదీ, కరెంటు తీసేదీ అదే. వార్తల్లో గాలిదుమారం అని రాస్తే తప్పేమీ లేదు, ఇంకా బాగా కళ్లకు కడుతుంది కూడా.

మీరు అడగకపోయినా వడగాలి గురించి ఒక ముక్క. మనకు వడగాలి అంటే వీచాలి, చెవులు కాలాలి. వాతావరణ శాఖకు గాలి వీచనక్కర్లేదు. మైదానంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలుగా ఉండాల్సిన దానికన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటే, లేదా ఏకంగా 45 డిగ్రీలు తాకితే వాళ్ల లెక్కలో వడగాలి. ఆకు కదలకపోయినా సరే. ఇంటిమాటను తీసుకెళ్లి ఆఫీసులో కొలబద్ద కడితే ఇలాగే ఉంటుంది.

మోస్తరు కూడా అంతే. ఇంట్లో ‘ఓ మోస్తరుగా ఉంది’ అంటే అంత బాగా లేదని మర్యాదగా చెప్పడం. బులెటిన్‌లో మోస్తరు వర్షం అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు. 64 మిల్లీమీటర్లు పడ్డనాడు వీధుల్లో మోకాలిలోతు నీళ్లలో నడుస్తూ ఇది మోస్తరేనా అని తిట్టుకుంటే ఆ తప్పు మనది కాదు. ఈ మాట పోర్చుగీసు వాళ్లు ఓడల్లో తెచ్చినది. వాళ్ల ‘మోస్త్ర’ అంటే నమూనా, మచ్చు. ‘ఈ మోస్తరుగా’ అంటే ‘ఈ మాదిరిగా’ అనే అర్థం అందుకే వచ్చింది. ‘ఒకటి రెండు చోట్ల’ అన్నా లెక్కే: ఆ ప్రాంతంలోని వానకొలత కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. మీ ఊళ్లో చుక్క పడనంత మాత్రాన సూచన అబద్ధమైనట్టు కాదు.

ద్రోణి ఇంగ్లీషు ‘ట్రఫ్’కు మంచి అనువాదం. ద్రోణి అంటే పొడుగాటి తొట్టి, కుడితి గోలేన్ని సాగదీసినట్టు. ప్రసాదం పెట్టే దొన్నె దానికి దగ్గరి బంధువు. గాలి ఒత్తిడి తక్కువున్న జాగా విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి తొట్టిలా సాగినప్పుడు దానికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. దాని పక్కనే వినిపించే ‘ఉపరితల ఆవర్తనం’ మాత్రం నాకు నచ్చదు. బడి పుస్తకంలో భూ ఉపరితలం అంటే నేల పైభాగం. ఇక్కడ చెప్పదలచింది నేలను అంటకుండా ఎత్తున తిరిగే గాలి సుడి. ‘పైగాలి సుడి’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. కానీ పాతుకుపోయింది, ఇక పీకలేం. ‘రాగల’, ‘రానున్న’ రెండూ బాగానే ఉన్నాయి.

చివరిది అవకాశం. సంస్కృతంలో అవకాశం అంటే చోటు, సందు, వీలు. మంచిచెడ్డలు దానికి లేవు. ఆ లెక్కన శాఖవారి వాక్యంలో దోషం లేదు. కానీ తెలుగువాడి చెవికి అవకాశం అంటే ఉద్యోగం రావడం, సీటు దొరకడం. యాసంగి వరి గింజ పాలుపోసుకునే వేళ రాళ్లు పడటాన్ని అవకాశం అంటే రైతుకు మండుతుంది, మీకు మండినట్టే. నేనైతే ‘వడగండ్లు పడవచ్చు’ అని రాస్తాను. మిర్చి బస్తాలతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బయల్దేరే మనిషికి ఆ రెండు మాటలు చాలు. ఇంకో తాటిపత్రి తెచ్చి బండిలో వేసుకుంటాడు.